జిగట, వంకర, మరక: మన ఎండల్లో సోఫుబి రాక్షసబొమ్మలకు వచ్చే తంటాలు

సాఫ్ట్ వినైల్‌కు జపాన్‌లో వాడుక పేరు సోఫుబి. 1966లో మారుసాన్ కంపెనీ టీవీ రాక్షసులను, అంటే కైజూలను, ఈ వినైల్‌లో పోసి అమ్మాక జనానికి ఆ బొమ్మల పిచ్చి పట్టుకుంది. పదార్థం మనకు కొత్తదేం కాదు. డాబా మీది ట్యాంకుకు వేసే పైపూ ఇదే పీవీసీ. పైపు గట్టిగా, బొమ్మ మెత్తగా ఉండటానికి కారణం బొమ్మలో కలిపిన ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం. అది వినైల్‌తో గట్టిగా ముడిపడి ఉండదు. వేడి తగిలితే మెల్లగా పైకి వస్తుంది, పక్కనున్న వస్తువులోకీ దిగుతుంది. కింద చెప్పిన తంటాల్లో చాలావాటికి మూలం ఇదే.

ముట్టుకుంటే చేతికి జిగురు

ముందు ఆ బొమ్మను ఎక్కడ ఉంచారో చూడండి. అటక మీదా, రేకుల కప్పు కిందా, పడమటి గోడకు ఆనించిన బీరువా పై అరలోనా? వైశాఖంలో విజయనగరం ఇళ్లలో అటక మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది, అక్కడ బొమ్మ ఎందుకు చెమటపడుతుందో. పలచటి ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంచితే పైకి వచ్చిన నూనె కవరుకూ బొమ్మకూ మధ్యే నిలిచిపోయి జిగట ఇంకా పెరుగుతుంది.

లీటరు గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ నాలుగు చుక్కలు కలిపి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా రుద్దండి. మంచినీళ్లతో కడిగి, నూలుగుడ్డతో అద్ది, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి. కీళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి కాబట్టి చేతులు, తల ఊడదీసి ఆరబెడితేనే మేలు. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి పోవద్దు, జిగటతోపాటు రంగూ వినైల్ పైపొరా కరిగిపోతాయి. పౌడరు చల్లితే ఆ పూటకు జిగట తెలియదు గానీ గీతల్లో పేరుకుని రంగు మాసినట్టు కనిపిస్తుంది. కడిగాక కూడా కొన్ని నెలలకు మళ్లీ జిగట రావచ్చు. అప్పుడు మళ్లీ కడగడమే. బొమ్మను కింది అరలోకి మారిస్తే ఆ గడువు పెరుగుతుంది.

కాళ్లు వంగి పక్కకు వాలిపోయింది

వేడికి మెత్తబడ్డ పలచటి కాళ్ల మీద బరువైన తల కూర్చుంటే జరిగేది ఇదే. పార్శిల్‌లో నలిగి వచ్చినా ఇలాగే ఉంటుంది. మంచి సంగతేమిటంటే, వేడితో వచ్చిన వంకర వేడితోనే పోతుంది.

మరిగిన నీళ్లు ఒక గ్లాసు, కుళాయి నీళ్లు ఒక గ్లాసు కలిపితే సుమారు 60 నుంచి 65 డిగ్రీలు వస్తుంది. సరిగ్గా కావలసింది అంతే. మరుగుతున్న నీళ్లలో నేరుగా ముంచకండి. వంగిన కాళ్ల వరకే ముంచి నిమిషం నుంచి రెండు నిమిషాలు ఉంచండి. బోలుబొమ్మ కాబట్టి తేలుతుంది, పట్టుకునే ఉండాలి. తీసి నిటారుగా నిలబెట్టి, కాలు కొంచెం అవతలి పక్కకు వంగేలా పట్టుకుని చన్నీళ్లలో నిమిషంపాటు పెట్టండి. చల్లారకముందే వదిలితే శ్రమంతా వృథా. రంగు పెళుసుబారిన పాతబొమ్మ అయితే నీళ్లు వద్దు, హెయిర్ డ్రయ్యర్‌ను జానెడు దూరంలో కదుపుతూ వాడండి.

మళ్లీ వాలకుండా కాళ్లలో పాలియెస్టర్ దూది కూరండి. బియ్యం పోయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. మన వానాకాలంలో అందులో పురుగు పట్టడానికి ఎన్ని రోజులు కావాలి!

చెయ్యి ఊడి రాదు, లేదా వదులై వేలాడుతుంది

బిగుసుకుపోతే కీలు చుట్టూ డ్రయ్యర్‌తో ఒక నిమిషం వేడి చేసి, లాగకుండా అటూ ఇటూ ఊపుతూ తీయండి. చల్లగా ఉన్నప్పుడు లాగితే లోపలి అంచు చిరుగుతుంది. వదులైతే ప్లంబర్లు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపు ఆ అంచు చుట్టూ రెండు మూడు చుట్లు చుట్టి, మళ్లీ వేడిచేసి ఎక్కించండి. టెఫ్లాన్ వినైల్‌తో కలవదు, ఎప్పుడైనా విప్పేయొచ్చు. అదే షాపులో దొరికే పైపుల సొల్యూషన్ మాత్రం వినైల్‌ను కరిగిస్తుంది, బొమ్మకు పెట్టకూడదు.

పెట్టెకో, పక్క బొమ్మకో అతుక్కుపోయింది

థర్మోకోల్ అయితే ప్లాస్టిసైజర్ దాన్ని మెత్తబరిచి కరిగిస్తుంది, గుంటలు పడిన తెల్లటి ముక్కలు వీపుకు అంటుకుంటాయి. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి వెదురు పుల్లతో గీకండి. రబ్బరు బ్యాండ్లు, రెక్సిన్ ఇదే కోవలోవి. బీరువాలో నాఫ్తలీన్ ఉండలు కూడా వద్దు, ఆ ఆవిరి ప్లాస్టిక్‌ను పాడు చేస్తుంది. వాసన సరేసరి. బొమ్మకు తెల్లటి టిష్యూ పేపరు చుట్టి, పాలీప్రొపిలీన్ డబ్బాలో ఒకదానికొకటి తగలకుండా పెట్టండి.

సిరా మరకలు, నల్లచుక్కలు

పార్శిల్‌కు చుట్టిన దినపత్రిక సిరా వినైల్‌లోకి దిగిపోతుంది, సబ్బుకు పోదు. రంగు వేయని లేత వినైల్ మీదైతే, మొటిమలకు మందుల షాపులో ఇచ్చే 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీము మరక మీద మాత్రమే రాసి, పూటంతా ఎండలో ఉంచి కడగండి. నాలుగైదుసార్లు చేయాల్సి రావచ్చు. రంగు వేసిన చోట రాయకండి, అది రంగునూ తినేస్తుంది.

నల్లచుక్కలు, ముక్కవాసన ఉంటే అది బూజు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటిలా కరెంటు లేక ఇల్లంతా తడిసి ఉన్న రోజుల్లో ఇది సహజం. సర్జికల్ స్పిరిట్ దూదిపుల్లకు అద్ది, ముందు అరికాలి కింద రంగు కదులుతోందేమో చూసి, తర్వాతే చుక్కల మీద రాయండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి, మనకున్న సముద్రపు గాలికి అది తప్పనిసరి.

వేసిన రంగు ఆరడం లేదు

ఇనప తలుపుల ఎనామెల్ వేసి ఉంటారు. కింది ప్లాస్టిసైజర్ ఆ రంగును మెత్తగా ఉంచేస్తుంది, ఏడాదైనా వేలిముద్ర పడుతుంది. గీకి తీసేయడమే దారి. మళ్లీ వేసేటప్పుడు బొమ్మను సబ్బుతో కడిగి ఆరబెట్టి, పీవీసీ స్టిక్కర్లు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ల వినైల్ ఇంకును దాని సొంత రెడ్యూసర్‌తో పలచన చేసి, పలచటి పొరలుగా వేయండి. అది వినైల్‌లోకి కొరికి పట్టుకుంటుంది. వాసన ఘాటు, కిటికీలు తెరవండి.

ఎండకు పసుపెక్కిన వినైల్ సంగతి వేరు. తెల్లబరిచే మందులు రాస్తే బొమ్మ మచ్చలమచ్చలవుతుంది, అలాగే ఉంచి కిటికీ దగ్గర్నుంచి జరపండి.