సినీ విమర్శ సాధన – 4వ పాఠం: ఈ మెప్పు ఎవరికి చెందుతుంది?

గత పాఠంలో చిత్రసమీక్షలోని కథాసారాన్నీ, సమీక్షకుని అభిప్రాయాన్నీ విడదీయడం అభ్యసించాం. ఈసారి కొంత కష్టమైన పని చేద్దాం. నాటకం ఆధారంగా తీసిన చిత్రానికి వచ్చిన ప్రశంసలో నాటకకర్తకు, నటులకు, దర్శకునికి చెందే పాళ్లను వేరు చేయాలి.

ఇందుకు దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తొలి శబ్దచిత్రాలలో ఒకటైన ‘జూనో అండ్ ది పేకాక్’ (1930)ను తీసుకుందాం. 1924లో డబ్లిన్‌లోని అబే థియేటర్‌లో తొలిసారి ప్రదర్శితమై, ఐర్లండ్ అంతర్యుద్ధకాలపు పేద కుటుంబాన్ని కళ్లకు కట్టిన షాన్ ఓకేసీ నాటకాన్ని హిచ్‌కాక్ చాలావరకు ఉన్నదున్నట్టుగానే తెరకెక్కించారు. రంగస్థలంపై ఆ కుటుంబంలోని తల్లి జూనో పాత్ర ధరించిన సారా ఆల్‌గుడ్‌నే తెరపైనా ఎంచుకున్నారు. ఐర్లండ్‌లోని లిమరిక్‌లో నిరసనకారులు చిత్రం ప్రతిని వీధిలో తగలబెట్టగా, లండన్‌లో జేమ్స్ ఆగేట్ వంటి విమర్శకుడు దానిని దాదాపు కళాఖండమేనని కొనియాడారు. అయితే అంత మెప్పు పొందిన హిచ్‌కాక్, తర్వాతి కాలంలో ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో సంభాషిస్తూ, ఆ సమీక్షలు తనను సిగ్గుపడేలా చేశాయనీ, తాను దేన్నో దొంగిలించినట్టు అనిపించిందనీ, ఆ చిత్రానికీ సినిమా కళకూ సంబంధమే లేదనీ అన్నారు.

ఇక్కడ మనం వేయవలసిన ప్రశ్న ఒకటే: చిత్రసమీక్షలోని ఫలానా ప్రశంసావాక్యాన్ని నాటక ప్రదర్శనపై రాసిన సమీక్షలో ఉంచినా చెల్లుతుందా? సంభాషణల పదును, జూనో దుఃఖంలోని గాంభీర్యం గురించిన మాటలు అక్కడా చెల్లుతాయి. కనుక ఆ మెప్పు ప్రధానంగా ఓకేసీకీ, ఆల్‌గుడ్‌కూ చెందుతుంది.

అలాగని దర్శకుని మాటనే తీర్పుగా స్వీకరించడం సరికాదు. ఇంటిల్లిపాదీ గ్రామఫోను చుట్టూ చేరి ముచ్చటించుకుంటుండగా, వెలుపల శవయాత్ర సాగుతూ తుపాకీ మోత వినిపిస్తుండగా, కెమెరా వారందరినీ విడిచి, తోటివాణ్ణి పట్టించిన అపరాధంతో కుంగిపోతున్న జూనో కొడుకు జానీ ముఖానికి చేరువవుతుంది. వేర్వేరుగా రికార్డు చేసిన ధ్వనులను తర్వాత కలిపే వీలు అప్పట్లో లేనందున, పాటతో సహా అన్ని శబ్దాలనూ చిత్రీకరణ జరుగుతున్న క్షణంలోనే పలికించవలసి వచ్చింది. రంగస్థలంపై ప్రేక్షకుని చూపు ఎటైనా పోవచ్చు. ఇక్కడ దానిని నడిపించినది దర్శకుడే. నా దృష్టిలో ఈ ఒక్క ఘట్టంలోని పనితనం చాలు, ఆయన తనను తాను అతి కఠినంగా అంచనా వేసుకున్నారనడానికి.

అభ్యాసం: నాటకాధారిత చిత్రంపై వచ్చిన ఒక సమీక్షను ఎంచుకొని, అందులోని ప్రతి ప్రశంస పక్కన అది ఎవరికి చెందుతుందో, ఎందుకో రాయండి. ఏదైనా ఇద్దరికి చెందుతుందనిపిస్తే బలవంతంగా తేల్చకుండా గుర్తుపెట్టి ఉంచండి. వచ్చే పాఠాన్ని అటువంటి వాక్యాలతోనే మొదలుపెడదాం.