కరణులు – 4వ పాఠం: సమీకరణంలో దొంగ మూలం

హారంలోని కరణిని (√ గుర్తున్న పదాన్ని) సంయుగ్మంతో, అంటే మధ్య గుర్తు మార్చి రాసిన జతతో, గుణించి తొలగించడం గత పాఠంలో చూశాం. ఈసారి తెలియని రాశే వర్గమూలం గుర్తు కింద ఉంటుంది. దాన్ని ‘య’ అనుకుందాం.

√(2య + 7) + 4 = య

వర్గం చేయడానికి తొందరపడకండి. ముందు 4ను కుడివైపుకు పంపి కరణిని ఒంటరిగా నిలబెట్టాలి. లేకపోతే ఎడమవైపు వర్గంలో 8√(2య + 7) అనే మధ్య పదం వస్తుంది, కరణి అలాగే మిగిలిపోతుంది. ఆ మధ్య పదాన్ని మరిచిపోయి 2య + 7 + 16 = య² అని రాసేవాళ్లు ఎక్కువ. ఇక ఆ లెక్క తేలదు.

√(2య + 7) = య − 4
2య + 7 = య² − 8య + 16
య² − 10య + 9 = 0
(య − 9)(య − 1) = 0

య = 9 అయితే ఎడమవైపు √25 = 5, కుడివైపు 9 − 4 = 5. సరిపోయింది. య = 1 అయితే ఎడమవైపు √9 = 3, కుడివైపు −3. కుదరదు.

లెక్కలో తప్పేమీ చేయలేదు కదా, మరి ఈ 1 ఎక్కడిది? 3కీ −3కీ వర్గం 9 ఒక్కటే. వర్గం చేయగానే గుర్తు చెరిగిపోయి, −√(2య + 7) = య − 4 అనే వేరే సమీకరణపు మూలం కూడా ఇందులోకి దూరింది. ఇదే దొంగ మూలం. √ గుర్తు రుణ విలువను ఎన్నడూ ఇవ్వదు కాబట్టి య − 4 సున్నాకు తగ్గకూడదు. వర్గం చేసే ముందే పక్కన ‘య ≥ 4’ అని రాసుకుంటే 1 అక్కడే పోతుంది. అయినా మొదటి సమీకరణంలో వేసి సరిచూడటం మానొద్దు. మధ్యలో జారిన గుర్తులు కూడా అప్పుడే బయటపడతాయి.

రెండు కరణులుంటే చెరోవైపు ఒకటి ఉంచి, రెండుసార్లు వర్గం చేయాలి.

√(3య + 1) − √(య − 1) = 2
√(3య + 1) = 2 + √(య − 1)
3య + 1 = 4 + 4√(య − 1) + య − 1
2య − 2 = 4√(య − 1)
య − 1 = 2√(య − 1)

ఇక్కడ చెయ్యి ఊరుకోదు. రెండువైపులా √(య − 1)తో భాగించేస్తే √(య − 1) = 2, అంటే య = 5 ఒక్కటే వస్తుంది. కానీ య = 1 దగ్గర √(య − 1) సున్నా. సున్నాతో భాగించడమంటే ఒక అసలైన మూలాన్ని పారేసుకోవడమే. వర్గం చేస్తే దొంగ వస్తాడు, భాగిస్తే ఇంటివాడు పోతాడు! మళ్లీ వర్గమే చేయండి:

(య − 1)² = 4(య − 1)
(య − 1)(య − 5) = 0

1 వేస్తే 2 − 0 = 2; 5 వేస్తే 4 − 2 = 2. రెండూ నిజమైన మూలాలే. రెండు వస్తే ఒకటి దొంగదే అని కళ్లు మూసుకుని కొట్టేయకూడదు.

√(య + 3) + 5 = 2 లాంటిది కనిపిస్తే అసలు వర్గమే అక్కర్లేదు. కరణి −3 కావాలి, అది కాదు, సాధన లేదు.

ఐదో పాఠానికి ముందు ఇది చేయండి: √(5య − 1) − √(య + 2) = 1. చివర్లో 4య² − 9య + 2 = 0 వస్తే దారి సరైనదే. దాని రెండు మూలాల్లో దొంగ ఏదో పట్టుకోండి.