సంస్థ కోసం వృత్తి రచయితకు పని అప్పగించేటప్పుడు

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే సంస్థ తన పరిచయ పుస్తికనో వెబ్‌సైటులోని వివరాలనో వృత్తి రచయిత చేత రాయించదలచినప్పుడు, వాటిని ఎవరు చదువుతారో ముందుగా తేల్చుకోవాలి. ధర మాట ఆ తరువాతే. విదేశీ కొనుగోలుదారు రంగు విలువ, కారం తీవ్రత, తేమ శాతం, పురుగుమందుల అవశేషాల పరీక్ష ఫలితం చూస్తాడు. కోల్డ్ స్టోరేజీలో సరుకు దాచుకొనే రైతుకు కావలసినవి అద్దె, బీమా, సరుకు మీద అప్పు వివరాలు. ఈ ఇద్దరికీ ఒకే పుస్తిక సరిపోదు.

రచయితను ఆఫీసులో కూర్చోబెట్టి పాత కరపత్రాలు చేతికివ్వడం కంటే, సీజనులో ఒక ఉదయం మిర్చి యార్డుకు తీసుకువెళ్లి వేలం, తూకం, గ్రేడింగు చూపించడం ఎంతో మేలు. తేజ రకానికీ గుంటూరు సన్నానికీ తేడా తెలియకుండా రాసిన వాక్యం సరుకు తెలిసిన కొనుగోలుదారు ముందు సంస్థ పరువు తీస్తుంది. పైగా సన్నానికి భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లే చట్టపరమైన రక్షణ, ఉన్నందువల్ల ఆ పేరును వేరే రకానికి తగిలిస్తే చట్టపరమైన చిక్కు కూడా రావచ్చు.

ఒప్పందంలో పదాల సంఖ్య, గడువు, ఎన్నిసార్లు సవరణలు చేయాలి, అడ్వాన్సు ఎంత అన్నవి ఎలాగూ రాసుకుంటారు. చాలామంది మరచిపోయేది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, కాపీరైటు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం జీతానికి పనిచేసే ఉద్యోగి విధుల్లో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. బయటి రచయిత రాసినదానికి మాత్రం, డబ్బు పూర్తిగా చెల్లించినా, హక్కు రచయితదే. అది సంస్థకు దక్కాలంటే రాతపూర్వకంగా, సంతకంతో బదలాయించాలి. ఆ పత్రంలో కాలపరిమితి రాయకపోతే బదలాయింపు 5 సంవత్సరాలకే పరిమితమవుతుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే వర్తిస్తుంది. ఎగుమతిదారుకు ఈ రెండో లోపం మరీ నష్టం. కనుక ఏ రచనకు, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ దేశాల్లో, ఎంత పారితోషికానికి అన్నవన్నీ స్పష్టంగా రాయించండి.

రైతులకిచ్చే తెలుగు ప్రతిని ఇంగ్లీషు నుంచి అనువదింపజేయకుండా విడిగా రాయించడం మంచిది. చిత్తుప్రతి చేతికి రాగానే గుమాస్తాకూ, ఒకరిద్దరు రైతులకూ చదివి వినిపించి, వారు ఆగి మళ్లీ అడిగిన ప్రతిచోటా గీత గీసి, ఆ ప్రతినే రచయితకు సవరణకు పంపండి.