ఇంట్లో స్పీకర్ కట్టుకోవాలంటే డ్రైవర్లు ముందా, క్రాసోవర్ ముందా

సొంతంగా స్పీకర్ చేసుకుందాం అనుకునేవాళ్లలో చాలామంది ఏం చేస్తారంటే ముందు మంచి పేరున్న వూఫర్ (బాస్ పలికే పెద్ద యూనిట్) ఒకటి కొంటారు, తర్వాత ఇంకా మంచి పేరున్న ట్వీటర్ (పై సౌండ్లు పలికే చిన్న యూనిట్, ఈ యూనిట్లనే డ్రైవర్లు అంటారు) కొంటారు, ఆఖర్న "టూ-వే 3000 హెర్ట్జ్" అని రాసున్న రెడీమేడ్ క్రాసోవర్ బోర్డు (సౌండ్‌ని విడదీసి ఏ డ్రైవర్ భాగం దానికి పంపే సర్క్యూట్) తెచ్చి అన్నిటికీ వైర్లు కలిపేసి, ఇంత ఖర్చు పెట్టినా గొంతులు ముక్కుతో పాడినట్టు ఎందుకొస్తున్నాయి అని తల పట్టుకుంటారు. విడిగా చూస్తే వాటిల్లో ఏదీ చెడ్డ పార్ట్ కాదు. ఆ వూఫరూ ఆ ట్వీటరూ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఒకదానికొకటి పని అప్పజెప్పుకోవాలో కొనేముందు ఎవరూ చూసుకోలేదు, అంతే. ఇక్కడ చెప్పేదంతా ఆ ఒక్క చోటు గురించే. డ్రైవర్లు ఎంచుకోవడం, క్రాసోవర్ ఎంచుకోవడం రెండు వేరే పనులు కావు, మొదటిది చేసేశారంటే రెండోది సగం అయిపోయినట్టే.

మొదటిసారి అయితే టూ-వే, అంటే వూఫర్, ట్వీటర్ రెండే ఉన్న డిజైన్ దగ్గరే ఆగండి. మధ్యలో మిడ్ డ్రైవర్ కూడా ఉండే త్రీ-వే బాగుంటుంది నిజమే గానీ వూఫర్-మిడ్ మధ్య క్రాసోవర్ 300, 400 హెర్ట్జ్‌లో పడితే కాయిల్స్, కెపాసిటర్లు చాలా పెద్దవి కావాలి, పైగా రెండు క్రాసోవర్ పాయింట్లు ఒకదాన్నొకటి కెలుకుతుంటాయి. 6.5 అంగుళాల మిడ్‌వూఫర్, 1 అంగుళం డోమ్ ట్వీటర్, ఈ జోడీనే ఉదాహరణగా పెట్టుకుందాం.

ముందు వూఫర్ కింది వైపు, అంటే బాస్ సంగతి. డేటాషీట్‌లో కనిపించే ఎఫ్‌ఎస్ (డ్రైవర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ), క్యూటిఎస్, క్యూఈఎస్ (ఆ ఊగుడు ఎంత అదుపులో ఉందో చెప్పే అంకెలు), వాస్ (కోన్ పట్టుకి సమానమైన స్ప్రింగ్‌లా పనిచేసే గాలి పరిమాణం) లాంటివాటిని థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు, ఆస్ట్రేలియాలో పనిచేసిన నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ 1960లు, 70లలో రాసిన పేపర్ల వల్ల వచ్చిన పేరు అది. వీళ్ల పుణ్యమా అని బాక్స్ సైజు ఊహించుకోనక్కర్లేదు, లెక్క కట్టేయొచ్చు. ఎఫ్‌ఎస్‌ని క్యూఈఎస్‌తో భాగించండి, 50 లోపు వస్తే సీల్డ్ (పూర్తిగా మూసిన) బాక్స్‌కి, 100 దగ్గర్లో ఆపైన వస్తే పోర్టెడ్‌కి (గాలి వెళ్లే గొట్టం ఉన్నదానికి) బాగుంటుంది, మధ్యలో ఉంటే రెండూ కుదురుతాయి. సీల్డ్ అయితే లెక్క మరీ తేలిక. 0.707ని క్యూటిఎస్‌తో భాగించి, వచ్చినదాన్ని అదే అంకెతో గుణించి, అందులోంచి 1 తీసేసి, దానితో వాస్‌ని భాగిస్తే బాక్స్ లోపలి సైజు వస్తుంది. క్యూటిఎస్ 0.4, వాస్ 30 లీటర్లు అనుకుంటే సుమారు 14 లీటర్లు. ఎఫ్‌ఎస్ 40 హెర్ట్జ్ అయితే ఆ బాక్స్‌లో అది 71 దాకా పెరుగుతుంది, అక్కడ్నించి కిందికి బాస్ మెల్లగా తగ్గుతుంది. పోర్ట్ పెడితే ఇంకా కిందికి వెళ్లొచ్చు, కానీ ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ కంటే కింద కోన్‌కి వెనక గాలి పట్టు ఉండదు, వాల్యూమ్ పెంచితే ఎక్స్‌మాక్స్ (కోన్ సరిగ్గా కదలగల హద్దు) దాటేసి కొట్టుకుంటుంది. సీల్డ్‌లో బాక్స్ ఒక లీటరు అటూఇటూ అయినా పెద్ద తేడా రాదు కాబట్టి నా ఓటు దానికే. ఏదైనా విన్‌ఐఎస్‌డి లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకెలు వేసి గ్రాఫ్ చూసి అప్పుడు చెక్క కోయండి.

బాస్ గురించి అందరూ చూస్తారు గానీ వూఫర్ పై వైపు ఎక్కడిదాకా వెళ్లగలదో చూసేవాళ్లు తక్కువ, అసలు కథ అక్కడుంది. రెండు విషయాలు అడ్డమొస్తాయి. ఒకటి బీమింగ్. శబ్దం తరంగం పొడవు కోన్ సైజుకి తగ్గిపోయేసరికి సౌండ్ అన్నివైపులకీ పరుచుకోవడం మానేసి టార్చ్‌లైట్‌లా ఎదురుగానే పడుతుంది. 6.5 అంగుళాల డ్రైవర్‌లో కదిలే కోన్ నిజానికి 13 సెంటీమీటర్లే ఉంటుంది, సౌండ్ వేగం సెకనుకి 343 మీటర్లు కాబట్టి 13 సెంటీమీటర్ల తరంగం అంటే 2640 హెర్ట్జ్. దీనికంటే కాస్త కిందే ట్వీటర్‌కి అప్పజెప్పాలి. లేకపోతే ఎదురుగా కూర్చుంటే బాగుంటుంది, పక్కకి జరిగితే 2, 3 కిలోహెర్ట్జ్ మధ్య పెద్ద గుంట, దాని పైన ట్వీటర్ ఒక్కసారిగా నాలుగు వైపులా అరుస్తుంది, గదిలో గోడల మీద పడి వచ్చేది కూడా ఆ సౌండే కదా. 8 అంగుళాల డ్రైవర్‌కి ఇదే లెక్క 2100 దగ్గరికి దిగిపోతుంది.

రెండోది బ్రేకప్. ఒక ఫ్రీక్వెన్సీ దాటాక కోన్ మొత్తం ఒక్కటిగా కదలడం మానేసి ముక్కలు ముక్కలుగా ఊగుతుంది. పేపర్, పాలీప్రొపిలీన్ కోన్లలో ఇది కాస్త నెమ్మదిగా, పెద్దగా గొడవ లేకుండా జరుగుతుంది. అల్యూమినియం, మెగ్నీషియం కోన్లు కింద చాలా శుభ్రంగా ఉంటాయి గానీ పైన ఎక్కడో సూదిలాంటి పీక్ ఇస్తాయి, 10 డిబి (డెసిబెల్స్) పైగా లేచేవి కూడా ఉన్నాయి. దాన్ని తొక్కడానికి క్రాసోవర్‌లో నాచ్ ఫిల్టరో (ఒక్క చోటే కోసే ఫిల్టర్), నిటారు స్లోపో (సౌండ్ గబగబా దిగిపోయేలా చేసేది) కావాలి. చూడ్డానికి మెరుస్తుంది కదా అని మొదటి ప్రాజెక్టుకే మెటల్ కోన్ తీసుకోకండి, గ్రాఫ్ సాఫీగా దిగిపోయే పేపర్ కోన్ తీసుకుంటే సగం పని తప్పుతుంది.

ఇప్పుడు ట్వీటర్. ఇక్కడ అందరూ 20 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుందా 30 దాకా వెళ్తుందా అని పైకి చూస్తారు, మీరు కిందికి చూడండి. ఎఫ్‌ఎస్ ఎంత అన్నదే ముఖ్యం. మామూలు రూల్ ఏంటంటే క్రాసోవర్ పాయింట్ ట్వీటర్ ఎఫ్‌ఎస్‌కి కనీసం రెండింతలు ఉండాలి, అది కూడా స్లోప్ గట్టిగా ఉంటేనే, మెల్లగా దిగే ఫస్ట్ ఆర్డర్ ఫిల్టర్ అయితే నాలుగింతలున్నా తృప్తి పడక్కర్లేదు. ఎందుకింత పట్టుదల అంటే, అంతే సౌండ్ రావాలంటే ఫ్రీక్వెన్సీ సగమైనప్పుడల్లా డోమ్ నాలుగింతలు ఎక్కువ కదలాలి, దానికున్న జాగా అర మిల్లీమీటరో ఏదో. డేటాషీట్‌లో 100 వాట్లు అని రాసుంటే మురిసిపోవద్దు, అది ఫిల్టర్ పెట్టి టెస్ట్ చేసిన అంకె, ఏ ఫిల్టర్‌తో అన్నది పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సరే, ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. వూఫర్ 2600 లోపే వదిలేయాలి, ట్వీటర్ ఎఫ్‌ఎస్ 900 అయితే 1800 పైనుంచి పట్టుకోగలదు. అంటే 1800 నుంచి 2600 దాకా మనకి జాగా ఉంది, మధ్యలో 2200 పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు, ఈ జోడీ కొనొచ్చు. అదే 8 అంగుళాల వూఫర్, ఎఫ్‌ఎస్ 1700 ఉన్న చిన్న నియోడిమియం ట్వీటర్ అనుకోండి, ఒకటి 2100కే చేతులెత్తేస్తుంది, ఇంకోటి 3400 దాకా రానంటుంది, మధ్యలో ఎవరూ లేరు. ఎంత మంచి క్రాసోవర్ పెట్టినా ఆ గుంట పూడదు. 8 అంగుళాలే కావాలి అంటే వేవ్‌గైడ్ (డోమ్ చుట్టూ గరాటులాంటి ఆకారం) ఉన్న ట్వీటర్ చూడండి, అది కింది వైపు ట్వీటర్‌కి బలం ఇస్తుంది, సౌండ్ పరుచుకునే తీరు కూడా వూఫర్‌కి దగ్గరగా తెస్తుంది. ఇంకో చిన్న కొలత, రెండు డ్రైవర్ల మధ్య సెంటర్ నుంచి సెంటర్‌కి దూరం క్రాసోవర్ దగ్గర తరంగం పొడవు దాటకూడదు, 2200 దగ్గర అది 15.6 సెంటీమీటర్లు. ట్వీటర్ ఫేస్‌ప్లేట్ పెద్దదైతే ఇక్కడే ఇరుక్కుంటారు, కొనేముందు కాగితం మీద గీసి చూసుకోండి.

సెన్సిటివిటీ, అంటే అదే పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుంది అన్న విషయంలో ఒక మెలిక ఉంది. వూఫర్ 88 డిబి, ట్వీటర్ 90 డిబి, రెండే డిబి తేడా కదా అనిపిస్తుంది. కానీ డేటాషీట్ కొలతలు పెద్ద గోడలాంటి బాఫిల్ (డ్రైవర్ బిగించే ముందు పలక) మీద తీస్తారు, మీ బాక్స్ ముందుభాగం 20 సెంటీమీటర్లే. పై ఫ్రీక్వెన్సీలు ముందుకే వస్తాయి, కిందివి బాక్స్ చుట్టూ తిరిగి వెనక్కి కూడా పోతాయి, దీన్నే బాఫిల్ స్టెప్ అంటారు. 115ని మీటర్లలో వెడల్పుతో భాగిస్తే మార్పు ఎక్కడ జరుగుతుందో తెలుస్తుంది, 20 సెంటీమీటర్లకి 575 హెర్ట్జ్. సిద్ధాంతం ప్రకారం 6 డిబి పోతుంది, గోడకి దగ్గరగా పెడితే కొంత తిరిగొస్తుంది కాబట్టి 3 నుంచి 5 డిబి సరిచేస్తే చాలు. అంటే ఆ 88 డిబి వూఫర్ చివరికి 84 దగ్గరే తేలుతుంది, ట్వీటర్‌ని 6 డిబి తగ్గించాలి. 8 ఓమ్ ట్వీటర్‌కి 6 డిబి తగ్గించాలంటే సిరీస్‌లో 4 ఓమ్, ట్వీటర్‌కి ప్యారలల్‌గా 8 ఓమ్ రెసిస్టర్ పెడితే సరిపోతుంది, దీన్ని ఎల్-ప్యాడ్ అంటారు. ట్వీటర్ గట్టిగా ఉంటే తగ్గించొచ్చు, వూఫర్‌ని మాత్రం పెంచలేం, కాబట్టి ట్వీటర్ సెన్సిటివిటీ వూఫర్ కంటే తక్కువ ఉన్న జోడీ జోలికే పోవద్దు.

ఇక క్రాసోవర్. ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో 8 ఓమ్, 2200 హెర్ట్జ్, సెకండ్ ఆర్డర్ లింక్‌విట్జ్-రైలీ (ఒక ఫిల్టర్ రకం) అని కొడితే 1.16 మిల్లీహెన్రీ కాయిల్, 4.5 మైక్రోఫారాడ్ కెపాసిటర్ అని వెంటనే చెప్పేస్తుంది. లెక్క తప్పు కాదు, కానీ అది డ్రైవర్ బదులు 8 ఓమ్ రెసిస్టర్ ఉంది అనుకుని చెప్పిన సమాధానం. డీసీ రెసిస్టెన్స్ 6 ఓమ్, ఇండక్టెన్స్ 0.5 మిల్లీహెన్రీ ఉన్న వూఫర్ 2200 దగ్గర లెక్క ప్రకారం 9 ఓమ్, 5000 దగ్గరికొచ్చేసరికి దాదాపు 17 ఓమ్ చూపిస్తుంది, ట్వీటర్ అయితే తన ఎఫ్‌ఎస్ దగ్గర ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఇచ్చే అడ్డు, ఓమ్‌లలో) కొండలా లేస్తుంది. అందుకే రెడీమేడ్ బోర్డు ఏ డ్రైవర్‌కీ సరిగ్గా సరిపోదు. వూఫర్ పెరుగుదలని జోబెల్ అనే చిన్న సర్క్యూట్‌తో సమం చేయొచ్చు, రెసిస్టర్ డీసీ రెసిస్టెన్స్‌కి 1.25 రెట్లు, అంటే ఇక్కడ 7.5 ఓమ్, దానితో సిరీస్‌లో 9 మైక్రోఫారాడ్, ఈ రెండూ కలిపి వూఫర్‌కి ప్యారలల్‌గా.

ఇంకో సంగతి, మనకి కావాల్సిన స్లోప్ గాల్లో వచ్చే సౌండ్‌ది, బోర్డు మీది సర్క్యూట్‌ది కాదు. ట్వీటర్ ఎఫ్‌ఎస్ కింద తనంతట తనే ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైనప్పుడల్లా) 12 డిబి దిగుతుంది, దానికి సెకండ్ ఆర్డర్ ఫిల్టర్ కలిస్తే మొత్తం 24 డిబికి దగ్గరవుతుంది. సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ పేరుమీద ఉన్న ఫోర్త్ ఆర్డర్ అంటే ఇదే, క్రాసోవర్ పాయింట్ దగ్గర రెండు డ్రైవర్లూ 6 డిబి తగ్గి ఒకే ఫేజ్‌లో (తరంగాలు ఒకే తాళంలో) కలిసి మళ్లీ ఫ్లాట్ అవుతాయి. మొదటి డిజైన్‌కి దీన్నే టార్గెట్ పెట్టుకోండి. వూఫర్ వైపు కాయిల్ ఫార్ములా చెప్పినదానికంటే చాలాసార్లు పెద్దదే పడుతుంది, బాఫిల్ స్టెప్‌ని కూడా అదే మోయాలి కదా.

ఇదంతా కుదరాలంటే కొలవాలి, చెవితో కుదరదు. క్యాలిబ్రేషన్ ఫైల్ ఉన్న మైక్, ఆర్‌ఈడబ్ల్యూ అనే కొలత సాఫ్ట్‌వేర్ చాలు. డ్రైవర్లు అసలు బాక్స్‌లోనే బిగించి, ట్వీటర్ ఎత్తులో 1 మీటరు దూరంలో మైక్ పెట్టి, మైక్ కదపకుండా ఒక్కో డ్రైవర్‌ని విడిగా కొలవండి, ట్వీటర్ కొలిచేటప్పుడు సిరీస్‌లో 20 మైక్రోఫారాడ్ అయినా ఉంటే ప్రాణం నిలుస్తుంది, ఆ కెపాసిటర్ ప్రభావం కొలతలో కలుస్తుందని మాత్రం మర్చిపోకండి. గోడలూ నేలా నుంచి తిరిగొచ్చే సౌండ్ రాకముందే కొలత కత్తిరించాలి, 5 మిల్లీసెకన్ల దగ్గర కత్తిరిస్తే 200 హెర్ట్జ్ పైన ఉన్నదే నమ్మొచ్చు, కింద కోసం మైక్‌ని కోన్‌కి ఆనించినంత దగ్గరగా పెట్టి ఇంకోటి తీయాలి. సౌండ్ ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కలో పెట్టే టైమింగ్ రిఫరెన్స్ ఆన్ చేయడం మానొద్దు. వూఫర్ వాయిస్ కాయిల్ ట్వీటర్ కంటే వెనక్కి ఉంటుంది, 2.5 సెంటీమీటర్ల తేడా అంటే 2200 దగ్గర 58 డిగ్రీల ఫేజ్, అది కొలతలో రాకపోతే సిమ్యులేషన్ మొత్తం అబద్ధం చెప్తుంది. ఇంపెడెన్స్ కూడా కొలిచి అన్నీ విట్యూఎక్స్‌క్యాడ్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే, కాయిల్ మార్చినప్పుడల్లా గ్రాఫ్ కళ్లముందే మారుతుంది, రోజంతా ఆడుకోవచ్చు.

పార్టుల్లో పెద్ద మాయేమీ లేదు. ట్వీటర్‌కి సిరీస్‌లో పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్, ప్యారలల్‌గా వేసే పెద్ద విలువలకి బైపోలార్ ఎలక్ట్రోలిటిక్ అయినా పర్లేదు, మామూలు పోలార్‌ది మాత్రం వద్దు. వూఫర్ కాయిల్ రెసిస్టెన్స్ అర ఓమ్ లోపు ఉండాలి, లేకపోతే బాస్ వదులవుతుంది. రెసిస్టర్లు 10 వాట్ వైర్‌వూండ్. కాయిల్స్ రెండూ దూరంగా, ఒకటి పడుకుని ఒకటి నిలబడి ఉండేలా బిగించండి, లేకపోతే ఒకదాని ఫీల్డ్ ఇంకోదాంట్లో దూరుతుంది. డీఎస్‌పీ (సౌండ్‌ని డిజిటల్‌గా విడదీసే ప్రాసెసర్) పెట్టి యాక్టివ్ చేస్తే ఈ కాయిల్స్ గోలే ఉండదు, కానీ డ్రైవర్‌కో యాంప్ ఛానల్ కావాలి, బీమింగ్, ఎఫ్‌ఎస్ లెక్కలు అక్కడ కూడా మారవు.

అన్నీ కలిపాక ముందు మల్టీమీటర్‌తో స్పీకర్ టెర్మినల్స్ మధ్య చూడండి, వూఫర్ డీసీ రెసిస్టెన్స్ ప్లస్ కాయిల్ ది, మన ఉదాహరణలో 6.3, 6.5 ఓమ్ అలా రావాలి, సున్నాకి దగ్గరగా ఉంటే ఎక్కడో షార్ట్ అయినట్టు, యాంప్ తగిలించకండి. తర్వాత తక్కువ వాల్యూమ్‌లో స్వీప్ (కింది నుంచి పై ఫ్రీక్వెన్సీ దాకా సాగే టెస్ట్ సౌండ్) వేసి, ఒకసారి ట్వీటర్ వైర్లు తిప్పి కలిపి మళ్లీ కొలవండి. 2200 దగ్గర లోతుగా, రెండు వైపులా సమానంగా గుంట పడితే ఫేజ్ కుదిరినట్టే, వైర్లు మళ్లీ మామూలుగా పెట్టేయండి. గుంట పక్కకి జరిగి పడినా, 10 డిబి కూడా లేకపోయినా సిమ్యులేషన్‌కి తిరిగి వెళ్లాలి. అది సరిపోయాక మాత్రం ఎల్-ప్యాడ్ సిరీస్ రెసిస్టర్‌ని 3.3, 3.9, 4.7 అలా మార్చుకుంటూ తెలిసిన గొంతులు నాలుగు రోజులు విని, ఏది ఉంచాలో అప్పుడు సోల్డర్ చేయండి.