కాథోడ్ రేణువును కోసి చూడడం ఎలా?

లిథియం అయాన్ బ్యాటరీల్లో వాడే, నికెల్ అధికంగా ఉన్న ఎన్‌ఎంసీ 811 (నికెల్, మాంగనీసు, కోబాల్టు 8:1:1 పాళ్లలో ఉన్న పదార్థం) కాథోడ్, అంటే ధనధ్రువపు పొడి ఎంతకాలం నిలుస్తుందో అంచనా వేయాలంటే, ముందుగా దానిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడాలి. సీతాఫలంలా గడ్డలు గడ్డలుగా, సుమారు 10 మైక్రాన్ల గుండ్రని రేణువు కనిపిస్తే, అది అనేక చిన్న స్ఫటికాల ముద్ద. ఛార్జింగులో దాదాపు 4.2 వోల్టుల వద్ద ఆ స్ఫటికాలు ఒక్కొక్కటి ఒక్కో దిశలో కుంచించుకుపోవడంతో వాటి అతుకుల వెంట పగుళ్లు పుట్టి, వాటిలోకి ఎలక్ట్రోలైటు (బ్యాటరీలో అయాన్లను మోసే ద్రవం) చొరబడి లోపలి ఉపరితలాన్ని కూడా పాడుచేస్తుంది. 2 నుంచి 5 మైక్రాన్ల ఏకస్ఫటిక రేణువుకు ఈ అతుకులు లేవు కనుక పగుళ్లు తక్కువే, కాని వేగంగా ఛార్జ్ చేసినప్పుడు అది వెనకబడవచ్చు.

ఈ పొడి పూసిన ఎలక్ట్రోడును రోలర్లతో నొక్కిన వెంటనే ఒకసారి, కొన్ని వందల ఛార్జింగుల తరువాత మరోసారి, అయాన్ పుంజంతో అడ్డంగా కోసి పోల్చండి. నా దృష్టిలో మొదటి కోతే ముఖ్యం, ఎందుకంటే నొక్కినప్పుడే చిట్లిన రేణువును చూసి తప్పును ఛార్జింగు మీద వేసే ప్రమాదం ఉంది.

హైదరాబాద్‌లో పనిచేసేవారు వానాకాలంలో పొడి డబ్బాను బయటి గాలిలో తెరవకూడదు. తేమ, కార్బన్ డయాక్సైడు సోకితే రేణువుపై లిథియం హైడ్రాక్సైడు, కార్బనేటు ఏర్పడి, పీవీడీఎఫ్ (రేణువులను అంటిపెట్టే జిగురు పాలిమర్) కలిపిన మిశ్రమం జున్నులా గడ్డకడుతుంది.