చర్చిలో ఆదివారం పాటలు ఎంచుకునే ముందు

• ఆ రోజు ప్రసంగానికి తీసుకునే వాక్యభాగం (బైబిల్ భాగం) ఏదో పాస్టర్‌గారిని ముందే అడగండి.

• ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైనే రాగం, తాళం ఉంటాయి. అవి చూడకుండా కీబోర్డులో రెడీమేడ్ బీట్ నొక్కేయకండి. ఆదితాళం కీర్తనకి డిస్కో రిథమ్ తగిలిస్తే ముందు వరసలో మామ్మగార్లు చప్పట్లు ఎక్కడ కొట్టాలో తెలియక చేతులు ముడుచుకుంటారు. అలాంటిచోట డోలక్ చాలు.

• శృతి సంఘానికి, అంటే చర్చిలో కూడినవాళ్లందరికీ సరిపోవాలి, లీడ్ సింగర్‌కి కాదు. ఒక మెట్టు దించితే పోయేదేం లేదు.

• సినిమా బాణీలు వద్దే వద్దు. మాటలు మార్చినా మనసు హీరో మీదికే పోతుంది!

• ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) దగ్గర డ్రమ్స్ ఆపండి.

• నరసాపురం, పాలకొల్లు వైపు బ్రదరెన్ (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ) సంఘాలకి పాడటానికి వెళ్తుంటే, వాయిద్యాలు వాడతారో లేదో అక్కడి పెద్దలను కనుక్కున్నాకే సామాను ఆటో ఎక్కించండి.