అమెరికాలో దిగే రోజు: ఎఫ్-1 (విద్యార్థి వీసా) విద్యార్థులకు

ఐ-20లో (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం) ఉన్న కోర్సు ప్రారంభ తేదీకి 30 రోజులకన్నా ముందు అమెరికాలోకి రానివ్వరు. టికెట్ కొనేముందే లెక్క చూసుకోండి. పాస్‌పోర్టు, సంతకం చేసిన ఐ-20, సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ) ఫీజు రసీదు చేతిసంచిలోనే ఉంచండి. చెకిన్ పెట్టెలో పెడితే ఇమిగ్రేషన్ కౌంటర్ దాటాకే అవి చేతికొస్తాయి.

ఆవకాయకు మామూలుగా అభ్యంతరం ఉండదు, కస్టమ్స్‌కు మాత్రం చెప్పాల్సిందే. చికెన్, మటన్ పచ్చళ్లు దయచేసి వద్దు: తీసి పారేస్తారు, దాస్తే జరిమానా కూడా. మూత చుట్టూ టేపు వేసి, డబ్బాను రెండు జిప్ కవర్లలో పెట్టండి. నూనె కారిందా, బట్టలన్నీ పాడే.

బయటికొచ్చాక ఐ-94ను (మీరు దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు) ఆన్‌లైన్‌లో తీసి పేరు, పుట్టిన తేదీ, ఎఫ్-1 అన్నది సరిచూడండి. తప్పుంటే వెంటనే యూనివర్సిటీలోని డీఎస్ఓకు (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) చెప్పండి. లేదంటే డ్రైవింగ్ లైసెన్సు దగ్గర అదే అడ్డొస్తుంది. ఇల్లు మారితే 10 రోజుల్లోపు డీఎస్ఓకు కొత్త చిరునామా ఇవ్వాలి.